పన్ను ఊడింది వయసు వల్లేనా?

2011లో రెండు ప్రయోగశాలలు, ఒకటి కెనడాలోని వాంకూవర్‌లో, ఇంకోటి అమెరికాలోని బోస్టన్‌లో, ఒకదానితో ఒకటి సంబంధం లేకుండా ఒకే పని చేశాయి. పెద్దపేగు క్యాన్సర్ కణితుల్లోంచి చిన్న చిన్న ముక్కలు తీసుకుని వాటిలోని జన్యు పదార్థాన్నంతా చదివాయి. అందులో మనిషిదని తేలినదాన్ని పక్కన పడేశాయి. ఇంట్లో బియ్యం ఏరితే రాళ్ళు పారేసి బియ్యం ఉంచుకుంటాం. వీళ్ళు బియ్యం పారబోసి రాళ్ళు దాచుకున్నారు. మనిషిది కానిది అందులో ఏముందో చూడాలన్నది వాళ్ళ పట్టుదల.

మిగిలినదాంట్లో ఒక పేరు మళ్ళీ మళ్ళీ తగిలింది: ఫ్యూసోబ్యాక్టీరియం న్యూక్లియేటమ్. అదే రోగి పేగులో కణితి పక్కనున్న మంచి భాగంలో కన్నా కణితిలో అది బాగా ఎక్కువగా ఉంది. వాంకూవర్‌లో రాబర్ట్ హోల్ట్ బృందం మొదట 11 మంది నమూనాల్లో దీన్ని గమనించి, నమ్మకం కుదరక మొత్తం 99 మంది నమూనాలు చూసింది. బోస్టన్‌లో మాథ్యూ మేయర్సన్ బృందం 9 మందితో మొదలుపెట్టి 95 మంది దాకా వెళ్ళింది. ఇద్దరికీ కనిపించింది ఒకటే.

అందరినీ ఆశ్చర్యపరిచింది ఆ బ్యాక్టీరియా చిరునామా. అది పేగుల్లో కాపురముండేది కాదు. నోట్లో ఉండేది. పళ్ళ డాక్టర్లకు అది ఏనాటి నుంచో తెలుసు. చిగుళ్ళ జబ్బు ఉన్న ఎవరి నోట్లో చూసినా కనపడుతుంది. చిగుళ్ళ సందుల్లో ఉండాల్సిన ప్రాణికి పెద్దపేగు కణితిలో ఏం పని? అది రోగం తెచ్చిందా, రోగం ఉన్నచోటికి తర్వాత వచ్చి చేరిందా? గత పదిహేనేళ్ళుగా సాగుతున్న పరిశోధన అంతా ఈ ప్రశ్న చుట్టూనే తిరుగుతోంది. దీనికి దొరికిన జవాబులు ఎక్కువగా పట్టించుకోవాల్సింది అరవై దాటినవాళ్ళు, వాళ్ళను చూసుకునే పిల్లలు.

పాచి నుంచి గార దాకా

మనుషుల నోళ్ళలో ఇప్పటిదాకా గుర్తించిన బ్యాక్టీరియా జాతులు 700కు పైనే. ఒక్క మిల్లీలీటరు ఉమ్ములో పది కోట్ల బ్యాక్టీరియా ఉండటం మామూలే. వీటిని మొట్టమొదట కళ్ళతో చూసింది హాలెండ్‌లోని డెల్ఫ్ట్ ఊరి బట్టల వర్తకుడు ఆంటోనీ వాన్ లీవెన్‌హుక్. రోజూ పొద్దున్నే ఉప్పుతో పళ్ళు రుద్దుకునే మనిషి ఆయన. అయినా సందుల్లో మిగిలిన తెల్లటి పాచిని తన కటకం కింద పెట్టి చూస్తే అందులో ప్రాణులు కదులుతున్నాయి. బతుకులో ఎన్నడూ పళ్ళు తోముకోని ఒక ముసలాయన్ని వెతికి పట్టుకుని ఆయన పాచి కూడా చూశాడు. అందులో ప్రాణులు ఇంకా ఎక్కువ, ఇంకా హుషారు. 1683లో లండన్ రాయల్ సొసైటీకి రాసిన ఉత్తరంలో ఇదంతా పూసగుచ్చినట్టు వివరించాడు.

ఈ జీవుల్లో ఎక్కువ భాగం మనకు హాని చేయనివి. కొన్నయితే మేలు కూడా చేస్తాయి. అసలు సంగతి అవి ఒకచోట కుదురుకునే క్రమంలో ఉంది. పళ్ళు తోముకున్న కొద్ది నిమిషాలకే ఉమ్ములోని ప్రోటీన్లు పంటి మీద పలచటి పొరలా పరుచుకుంటాయి. ఆ పొరకు ముందుగా స్ట్రెప్టోకాకస్ జాతులు అంటుకుంటాయి. అవి ఆక్సిజన్ వాడేసుకోవడంతో అడుగున గాలి ఆడని చోటు ఏర్పడుతుంది. అప్పుడు ఫ్యూసోబ్యాక్టీరియం దిగుతుంది. పొడుగ్గా, రెండు కొసలా సన్నగా ఉండే ఈ కణం గోడల మీద రకరకాల అంటుకునే ప్రోటీన్లు ఉంటాయి. ముందొచ్చినవాటినీ పట్టుకోగలదు, వెనక వచ్చేవాటికీ చోటివ్వగలదు. ఆ చోటులోకి చేరేవాళ్ళలో చిగుళ్ళకు అసలైన శత్రువు ఒకటుంది: పోర్ఫైరోమొనాస్ జింజివాలిస్.

పాచిని రోజూ తీసేస్తే కథ అక్కడితో ఆగిపోతుంది. తీయకపోతే ఉమ్ములోని కాల్షియం చేరి గట్టిపడి గార అవుతుంది. ఇక దాన్ని వేపపుల్లా తీయలేదు, బ్రష్షూ తీయలేదు. గార కిందికి దిగేకొద్దీ చిగురు పంటిని వదిలేస్తుంది. పళ్ళ డాక్టరు మిల్లీమీటర్ల గీతలున్న సన్నటి కడ్డీని చిగురుకూ పంటికీ మధ్య జారవిడిచి చూసేది ఇదే. ఆరోగ్యంగా ఉన్న చిగురులో అది ఒకటి నుంచి మూడు మిల్లీమీటర్లు దిగి ఆగుతుంది. నాలుగు దాటితే అనుమానించాలి. ఆరు, ఏడు దిగితే పంటిని పట్టుకున్న ఎముక అప్పటికే కొంత కరిగిపోయిందని అర్థం. కడ్డీ తీసిన చోట రక్తపు చుక్క కనిపిస్తుంది.

నొప్పి మాత్రం ఉండదు. అదే ఈ జబ్బు బలం. పిప్పి పన్ను రాత్రంతా సలిపి మనల్ని లేపి కూర్చోబెడుతుంది కాబట్టి మర్నాడు డాక్టరు దగ్గరికి పోతాం. చిగుళ్ళ జబ్బు పదేళ్ళు, ఇరవై ఏళ్ళు చప్పుడు చేయకుండా తన పని చేసుకుపోతుంది. ముదిరిన చిగుళ్ళ జబ్బులో పళ్ళ చుట్టూ లోపలివైపు పుండుపడిన జాగా మొత్తం కలిపితే 8 నుంచి 20 చదరపు సెంటీమీటర్ల దాకా ఉంటుందని అంచనా. అంత మేర శరీరం తలుపులు తెరుచుకుని ఉన్నట్టే. నమిలినప్పుడల్లా, తోముకున్నప్పుడల్లా కొంత బ్యాక్టీరియా అక్కడి నుంచి నెత్తుట్లోకి పోతుంది.

అరవై దాటాక

"వయసైపోయింది, పళ్ళు ఊడక ఏం చేస్తాయి" అనే మాట మన ఇళ్ళలో వింటూనే ఉంటాం. నిజానికి పళ్ళు ఊడేది వయసు వల్ల కాదు. చిగుళ్ళ జబ్బు వల్లా, పిప్పి వల్లా ఊడతాయి. వయసు చేసేదల్లా ఆ జబ్బుకు కావలసినంత కాలం ఇవ్వడం. దానికి తోడు అరవై దాటినవాళ్ళ నోట్లో మరికొన్ని మార్పులు వచ్చి దారి సులువు చేస్తాయి.

మొదటిది నోరు ఎండిపోవడం. ఉమ్ము ఉత్త నీళ్ళు కాదు. బ్యాక్టీరియాను కడిగేస్తుంది, కొన్నిటిని చంపే ప్రోటీన్లు అందులో ఉంటాయి, పులుపును విరిచేస్తుంది. పెద్దవయసులో అది తగ్గడానికి ఎక్కువగా కారణం మందులు. ఒంట్లో నీరు తీసే కొన్ని బీపీ మాత్రలు, దిగులుకూ నిద్రకూ వాడే మాత్రలు, జలుబుకూ దురదకూ వాడేవి, మాటిమాటికీ మూత్రం రాకుండా ఇచ్చేవి, ఇవన్నీ నోటిని ఎండబెట్టగలవు. మందుల డబ్బాలో నాలుగైదు రకాలు ఉంటే ఆ ప్రభావాలన్నీ కలుస్తాయి.

రెండోది షుగరు. అది అదుపులో లేకపోతే చిగుళ్ళ జబ్బు ముదురుతుంది. చిగుళ్ళ జబ్బు ముదిరితే షుగరు అదుపులోకి రావడం కష్టమవుతుంది. మూడోది చేతులు. కీళ్ళ నొప్పులతో వేళ్ళు వంగనప్పుడు, చూపు ఆననప్పుడు, పక్షవాతం వచ్చినప్పుడు, మతిమరుపు ముదిరినప్పుడు మనిషి మొదట వదిలేసే పని పళ్ళు శుభ్రంగా తోముకోవడం.

నాలుగోది చాలామంది ఊహించనిది. పొద్దున్నే పరగడుపున వేసుకునే గ్యాస్ మాత్ర. మన దగ్గర పాంటాప్రజోల్, ఒమెప్రజోల్ వంటివి నెలల తరబడి, ఏళ్ళ తరబడి మింగేవాళ్ళు కోకొల్లలు. ఇవి కడుపులో ఆమ్లాన్ని తగ్గిస్తాయి. మనం రోజూ మింగే లీటరుకు అటూ ఇటూగా ఉన్న ఉమ్ముతో పాటు లోపలికి పోయే బ్యాక్టీరియాను చంపేది ఆ ఆమ్లమే. 2016లో బ్రిటన్, నెదర్లాండ్స్ పరిశోధకులు వేర్వేరుగా జరిపిన అధ్యయనాల్లో ఈ మాత్రలు వాడేవాళ్ళ పేగుల్లో నోటి బ్యాక్టీరియా ఎక్కువగా కనపడింది. అలాగని ఆ మాత్రలు క్యాన్సర్ తెస్తాయని ఎవరూ తేల్చలేదు. అల్సర్ ఉన్నవాళ్ళకు, గుండెకు రక్తం పలచబరిచే మందులు వాడేవాళ్ళకు అవి ప్రాణరక్షకాలు కూడా. అవసరం తీరాక కూడా అలవాటుగా మింగుతున్నారేమో డాక్టర్ని ఒకసారి అడగడం మంచిది.

నోటి నుంచి పేగుకు

మరి కణితిలో దొరికిన ఫ్యూసోబ్యాక్టీరియం ఆ రోగి నోట్లోదేనని ఎలా తెలుస్తుంది? జపాన్‌లో యొకొహామా పరిశోధకులు దీన్ని సూటిగా తేల్చడానికి చూశారు. పెద్దపేగు క్యాన్సర్ ఉన్నవాళ్ళ ఉమ్మునూ కణితి ముక్కనూ తీసుకుని, రెండిట్లోంచీ బ్యాక్టీరియాను పెంచి, జన్యువులను సరిపోల్చారు. 40 శాతానికి పైగా రోగుల్లో నోట్లోదీ కణితిలోదీ ఒకే వంశం. 2019లో వచ్చిన ఈ ఫలితం చిన్నదే, రోగులు పట్టుమని ఇరవై మంది లేరు. అయినా దారి నోటి నుంచే ఉందనడానికి గట్టి ఆధారం.

దారులు రెండు. ఒకటి మింగిన ఉమ్ము వెంట కడుపు మీదుగా పేగుకు. రెండోది చిగుళ్ళ పుండ్ల నుంచి నెత్తుట్లోకి దిగి, రక్తం వెంట కణితికి. జెరూసలేంలోని హీబ్రూ విశ్వవిద్యాలయంలో గిలాద్ బక్రక్ బృందం 2016లో చూపించిన ప్రకారం పెద్దపేగు కణితుల కణాల పైన ఒక రకం చక్కెర అణువు మామూలు కన్నా ఎక్కువగా ఉంటుంది. ఫ్యూసోబ్యాక్టీరియం గోడ మీదుండే ఫాప్2 అనే ప్రోటీన్ ఆ చక్కెరను గుర్తుపట్టి పట్టేసుకుంటుంది. రక్తంలో తిరిగే బ్యాక్టీరియా కణితి దగ్గరే ఎందుకు ఆగుతుందో దీనితో కొంత అర్థమవుతుంది.

కడుపు దారి గురించి 2024 మార్చిలో ఇంకో కీలక సంగతి బయటపడింది. అమెరికాలోని సియాటిల్‌లో ఫ్రెడ్ హచిన్సన్ క్యాన్సర్ కేంద్రంలో సూసన్ బుల్‌మన్, క్రిస్టఫర్ జాన్‌స్టన్ బృందం దాదాపు 200 పెద్దపేగు కణితులను పరిశీలించింది. ఫ్యూసోబ్యాక్టీరియం న్యూక్లియేటమ్ అని మనం ఒక్క పేరుతో పిలిచేదంతా ఒక్కటి కాదని, అందులో ఒక ఉపజాతిలో ఒక శాఖ మాత్రమే కణితుల్లో పాగా వేస్తోందని వాళ్ళు తేల్చారు. చూసిన కణితుల్లో దాదాపు సగంలో ఆ శాఖ ఉంది. దాని ప్రత్యేకత, కడుపులోని ఆమ్లాన్ని తట్టుకోగల జన్యువులు. నోట్లో ఉన్న దాని దగ్గరి చుట్టాలకు ఆ శక్తి అంతగా లేదు. అంటే నోట్లో ఫ్యూసోబ్యాక్టీరియం ఉన్నంత మాత్రాన కంగారు అక్కర్లేదు. అది మనందరి నోళ్ళలోనూ ఉంటుంది. ఏ శాఖ ఉందన్నదే ప్రశ్న.

చేరాక చేసే పనులు

కణితిలో ఊరికే ఉండటం వేరు, దాన్ని పెంచడం వేరు. ఈ రెండో విషయం మీద ఎలుకల్లోనూ గాజు పళ్ళేల్లో పెంచిన కణాల్లోనూ చాలా పని జరిగింది. అమెరికాలో యిపింగ్ హాన్ బృందం 2013లో చూపించింది ఇది: ఈ బ్యాక్టీరియా గోడపై ఉండే ఫాడ్ఎ అనే ప్రోటీన్ పేగు కణాలను ఒకదానితో ఒకటి అంటిపెట్టుకుని ఉంచే ఇ-క్యాడ్‌హెరిన్‌కు అతుక్కుంటుంది. దాంతో ఆ కణం లోపల బీటా-క్యాటెనిన్ అనే సంకేతం మేల్కొంటుంది. అది కణాన్ని విభజన వైపు తోస్తుంది. పెద్దపేగు క్యాన్సర్‌లో ఎక్కువగా చెడిపోయే సంకేత మార్గం కూడా ఇదే.

రెండో పని మన రక్షణ వ్యవస్థను ఆపడం. క్యాన్సర్ కణాలను వెతికి చంపే మన కణాల మీద టిజిట్ అనే గ్రాహకం ఉంటుంది. దాన్ని ఎవరైనా తాకితే ఆ కణం దాడి ఆపేస్తుంది. మన ఒంటి మీద మనమే దాడి చేసుకోకుండా ప్రకృతి పెట్టిన ఏర్పాటు అది. పైన చెప్పిన ఫాప్2 సరిగ్గా ఆ టిజిట్‌ను తాకుతుందని 2015లో తేలింది. పట్టుకోవడానికి పనికొచ్చిన ప్రోటీనే కణితిని కాపాడటానికీ పనికొస్తోంది. మూడో పని, 2017లో షాంఘై పరిశోధకులు చూపించినది, కీమోథెరపీ మందులకు క్యాన్సర్ కణాలు లొంగకుండా చేయడం.

అదే 2017లో బుల్‌మన్, మేయర్సన్ బృందాలు ఇంకో అడుగు వేశాయి. పెద్దపేగు క్యాన్సర్ కాలేయానికి పాకిన రోగుల్లో చూస్తే, పేగులో ఉన్న ఫ్యూసోబ్యాక్టీరియం వంశమే కాలేయంలోని కణితిలోనూ కనిపించింది. క్యాన్సర్ కణాలు ప్రయాణం కట్టినప్పుడు బ్యాక్టీరియాను వెంటబెట్టుకుని పోయాయన్నమాట. ఆ కణితి ముక్కలను ఎలుకల్లో నాటి, వాటికి మెట్రోనిడజోల్ ఇస్తే కణితులు పెరిగే వేగం తగ్గింది. విరేచనాలకు మన డాక్టర్లు రాసే మందే అది. ఇది చదివి మందుల షాపుకు పరుగెత్తవద్దు. ఎలుకలో పనిచేసినది మనిషిలో పనిచేస్తుందో లేదో పరీక్షల్లో తేలాలి. పైగా యాంటీబయాటిక్ ఇష్టం వచ్చినట్టు వాడితే పేగుల్లోని మంచి బ్యాక్టీరియా కూడా చస్తుంది.

లెక్కలు ఏమంటున్నాయి

ప్రయోగశాల సంగతి అలా ఉంచి మనుషుల లెక్కల్లోకి వద్దాం. అమెరికాలో 54 నుంచి 86 ఏళ్ళ మధ్య ఉన్న, నెలసరి ఆగిపోయిన 65,869 మంది ఆడవాళ్ళను సగటున ఎనిమిదేళ్ళకు పైగా గమనించారు. చిగుళ్ళ జబ్బు వచ్చిందని చెప్పినవాళ్ళలో మొత్తం మీద క్యాన్సర్ ముప్పు 14 శాతం ఎక్కువ. ఎన్నడూ పొగ తాగని 34,097 మందిని విడిగా చూసినా 12 శాతం ఎక్కువే. అన్నవాహిక క్యాన్సర్ విషయంలో తేడా మూడు రెట్లు దాటింది. 2017లో వచ్చిన ఈ ఫలితంలో ఒక లోపముంది. చిగుళ్ళ జబ్బు ఉందా లేదా అన్నది ఆ ఆడవాళ్ళు చెప్పిన మాటే తప్ప ఎవరూ నోరు తెరిచి చూడలేదు. మరుసటి ఏడు వచ్చిన ఇంకో అధ్యయనం ఆ లోటు తీర్చింది. అందులో 7,466 మంది నోళ్ళను కడ్డీతో కొలిచి, 2012 దాకా వాళ్ళను అనుసరించారు. చిగుళ్ళ జబ్బు ముదిరినవాళ్ళలో క్యాన్సర్ ముప్పు 24 శాతం ఎక్కువ. ఊపిరితిత్తుల క్యాన్సర్‌లో తేడా రెండు రెట్లకు పైగా ఉంది.

క్లోమం క్యాన్సర్ మాట ఇంకా ఆసక్తికరం. చాలా ఆలస్యంగా బయటపడే, చాలా త్వరగా ప్రాణం తీసే క్యాన్సర్ అది. 2025 సెప్టెంబరులో న్యూయార్క్ విశ్వవిద్యాలయ పరిశోధకులు లక్షా 22 వేల మందికి సంబంధించిన ఫలితాలు ప్రచురించారు. ఆరోగ్యంగా ఉన్నప్పుడే వాళ్ళు నోరు పుక్కిలించి ఇచ్చిన నీళ్ళను దాచిపెట్టి, సుమారు తొమ్మిదేళ్ళ కాలంలో ఎవరికి క్లోమం క్యాన్సర్ వచ్చిందో చూశారు. 445 మందికి వచ్చింది. వాళ్ళ పాత నమూనాలను అంతే మంది ఆరోగ్యవంతుల నమూనాలతో పోలిస్తే 27 రకాల బ్యాక్టీరియా, శిలీంధ్రాలు తేడాగా కనిపించాయి. వాటన్నిటినీ కలిపి కట్టిన స్కోరు ఎక్కువగా ఉన్నవాళ్ళలో ముప్పు మూడు రెట్లకు పైగా ఉంది.

మూడు రెట్లు అనగానే గుండె ఝల్లుమంటుంది. కానీ లక్షా 22 వేల మందిలో 445 మంది అంటే వెయ్యి మందికి నలుగురు కూడా లేరు. నలుగురు పన్నెండు మంది అయినా, మిగిలిన 988 మందికి ఆ జబ్బు రాలేదు. పత్రికల్లో రెట్ల లెక్క చదివినప్పుడు అసలు ఎంతమందిలో ఎందరు అని వెంటనే అడగాలి. క్లోమం క్యాన్సర్ కోసం అందరికీ పరీక్షలు చేయడం కుదరదు కాబట్టి ఎవరి మీద ముందుగా కన్నేయాలో చెప్పడానికి ఇలాంటి స్కోర్లు ముందు ముందు పనికిరావచ్చు. ఈ పరిశోధనకు ఇప్పటికున్న విలువ అది.

అనుమానించాల్సిన చోట

చిగుళ్ళ జబ్బు ఉన్నవాళ్ళలో పొగతాగేవాళ్ళు ఎక్కువ. క్యాన్సర్ వచ్చేవాళ్ళలోనూ పొగతాగేవాళ్ళు ఎక్కువ. లెక్కల్లో పొగాకును ఎంత జాగ్రత్తగా వేరు చేసినా దాని నీడ కొంత మిగిలే ఉంటుంది. పైగా పొగాకు చిగుళ్ళలో రక్తనాళాలను కుదించేస్తుంది కాబట్టి జబ్బున్నా రక్తం కారదు. చిగుళ్ళు బాగున్నాయని మనిషి అనుకుంటాడు.

తెలుగు నేలకు ఈ విషయంలో చేదు చరిత్రే ఉంది. శ్రీకాకుళం వైపు తీరప్రాంతపు ఆడవాళ్ళలో చుట్ట మండే కొసను నోట్లో పెట్టుకుని తాగే అడ్డపొగ అలవాటు ఉంది. ఆ నిప్పు సెగా పొగా అంగిలికి తగిలి, ప్రపంచంలో అరుదుగా కనిపించే అంగిలి క్యాన్సర్ అక్కడ ఎక్కువగా వచ్చింది. 1971లో వచ్చిన ఒక పేరున్న అధ్యయనం కోసం ఆ ప్రాంతంలో 10,169 మంది గ్రామస్థుల నోళ్ళు పరీక్షించారు. మన దగ్గర నోటి క్యాన్సర్ అంటే ముందు లెక్క చెప్పాల్సింది చుట్ట, బీడీ, ఖైనీ, గుట్కా, వక్క. బ్యాక్టీరియా మాట ఆ తర్వాతే. తాగుడు కూడా ఇందులో ఉంది. సారాయిని ఒళ్ళు అసిటాల్డిహైడ్‌గా మారుస్తుంది. అది క్యాన్సర్ కారకం. నోట్లోని కొన్ని బ్యాక్టీరియాలు ఆ పని అక్కడికక్కడే చేస్తాయి. నోరు శుభ్రంగా లేనివాళ్ళ ఉమ్ములో తాగిన తర్వాత అది ఎక్కువగా తయారవుతుంది. ఇక్కడ బ్యాక్టీరియాది సహాయక పాత్ర. అసలు నేరం గ్లాసుదే.

ఇంకో చిక్కు, ఒకే బ్యాక్టీరియా ఒకచోట ఒకలా ఇంకోచోట ఇంకోలా ప్రవర్తించడం. 2024లో లండన్ కింగ్స్ కాలేజీ పరిశోధకులు తల, మెడ క్యాన్సర్ కణాలకు ఫ్యూసోబ్యాక్టీరియాన్ని తగిలిస్తే 70 నుంచి 99 శాతం కణాలు చచ్చిపోయాయి. కణితిలో ఆ బ్యాక్టీరియా ఉన్న రోగులు ఎక్కువ కాలం బతికారు కూడా. దానికి రెండేళ్ళ ముందు ముంబై టాటా మెమోరియల్ సంస్థకు చెందిన ఆక్ట్రెక్ పరిశోధకులు నాలుక క్యాన్సర్ తొలిదశలో ఉన్న, పాపిల్లోమా వైరస్ లేని రోగుల్లో దీనికి విరుద్ధమైనది చూశారు. అక్కడ ఫ్యూసోబ్యాక్టీరియం ఉన్నవాళ్ళకే ఫలితాలు అంత బాగాలేవు. రోగులు వేరు, పొగాకు వాడే తీరు వేరు, బహుశా బ్యాక్టీరియా శాఖలూ వేరు. ఏకవాక్యంలో తీర్పు చెప్పడానికి లేదు.

శాస్త్రం తొందరపడి తప్పటడుగు వేసిన సందర్భమూ ఉంది. అన్ని రకాల క్యాన్సర్లలోనూ తమ తమ ప్రత్యేక సూక్ష్మజీవులు ఉంటాయని, రక్తంలో వాటి ఆనవాళ్ళతో క్యాన్సర్‌ను పసిగట్టవచ్చని 2020లో నేచర్ పత్రికలో ఒక పరిశోధన వచ్చి సంచలనం రేపింది. లెక్కల్లో తప్పులున్నాయని వేరే శాస్త్రవేత్తలు చూపించాక 2024లో ఆ పత్రాన్ని వెనక్కి తీసుకున్నారు. మనిషి జన్యువులనే పొరపాటున బ్యాక్టీరియావిగా లెక్కపెట్టడం అందులో ఒక తప్పు.

అందుకే పోలికకు ఒక కొలమానం గుర్తుంచుకోవాలి. అల్సర్‌కు కారణం హెలికోబ్యాక్టర్ పైలోరీ అనే బ్యాక్టీరియా అని 1980లలో ఆస్ట్రేలియా డాక్టర్లు రాబిన్ వారెన్, బారీ మార్షల్ చెబితే చాలామంది నమ్మలేదు. 1994లో ప్రపంచ ఆరోగ్య సంస్థ క్యాన్సర్ పరిశోధనా విభాగం దాన్ని మనుషుల్లో క్యాన్సర్ కలిగించేదిగా ప్రకటించింది. 2005లో ఆ ఇద్దరికీ నోబెల్ వచ్చింది. బ్యాక్టీరియాల్లో ఆ జాబితాకు ఎక్కినది అదొక్కటే. ఫ్యూసోబ్యాక్టీరియం గానీ, పోర్ఫైరోమొనాస్ గానీ అందులో లేవు. పళ్ళు శుభ్రం చేయిస్తే క్యాన్సర్ తగ్గుతుందని నిరూపించిన ప్రయోగమూ లేదు.

ఇప్పుడు చేయగలిగింది

నిరూపణ లేనప్పుడు ముసలివాళ్ళ నోటి మీద ఖర్చు ఎందుకు అనిపించవచ్చు. దానికి జవాబు క్యాన్సర్‌లో లేదు, నిమోనియాలో ఉంది. జపాన్‌లో 11 వృద్ధాశ్రమాల్లో రెండేళ్ళ పాటు ఒక ప్రయోగం చేశారు. సగం మందికి రోజూ భోజనం తర్వాత సిబ్బంది పళ్ళు తోమి నోరు శుభ్రం చేశారు. మిగిలినవాళ్ళు ఎప్పటిలాగే ఉన్నారు. అలా వదిలేసినవాళ్ళలో 19 శాతం మందికి నిమోనియా వస్తే, శుభ్రం చేసినవాళ్ళలో 11 శాతం మందికే వచ్చింది. 1999లో లాన్సెట్ పత్రికలో వచ్చిన ఫలితం ఇది. నోట్లోని బ్యాక్టీరియా ఊపిరితిత్తుల్లోకి జారకుండా ఆపడానికి ఒక బ్రష్, ఓపిక ఉన్న ఒక చెయ్యి చాలాయి. క్యాన్సర్ సంగతి రేపు ఎటు తేలినా ఈ లాభం చేతిలో ఉన్నది.

పనులు కష్టమైనవి కావు. రోజుకు రెండుసార్లు, ముఖ్యంగా రాత్రి పడుకునే ముందు, మెత్తటి బ్రష్‌తో ఫ్లోరైడ్ పేస్టు వేసి తోముకోవాలి. బొగ్గు, ఇటుకపొడి, గరుకు పళ్ళపొడి వేరు బయటపడిన పళ్ళను అరగదీస్తాయి. వేళ్ళు వంగనివాళ్ళకు బ్రష్ పిడికి గుడ్డ చుట్టి లావు చేస్తే పట్టు దొరుకుతుంది. కట్టుడు పళ్ళను రాత్రి తీసి, తోమి, నీళ్ళలో ఉంచాలి. పళ్ళు లేకపోయినా చిగుళ్ళనూ నాలుకనూ తడిగుడ్డతో తుడవాలి. నోరు ఎండుతుంటే మాటిమాటికీ గుక్కెడు నీళ్ళు తాగుతూ, మందుల చీటీ డాక్టరుకు చూపించాలి. ఏడాదికి ఒకసారి గార తీయించుకోవాలి. గార తీయిస్తే పళ్ళు వదులవుతాయనే భయం ఊరూరా ఉంది. పన్ను అప్పటికే వదులై ఉంటుంది. గార దాన్ని దాచిపెడుతుంది, అంతే.

ఘాటైన మౌత్‌వాష్‌తో నోట్లోని బ్యాక్టీరియానంతా చంపేయాలనుకోవడం తెలివైన పని కాదు. మేలు చేసేవి కూడా పోతాయి. ఇంట్లో ఎవరికైనా క్యాన్సర్ అని తేలితే, ముఖ్యంగా తలకూ మెడకూ రేడియేషన్ ఇవ్వబోతుంటే, ఎముకకు పాకిందని జోలెడ్రోనిక్ యాసిడ్ వంటి ఇంజెక్షన్లు మొదలుపెట్టబోతుంటే, అంతకు ముందే పళ్ళ డాక్టరుకు చూపించి పీకాల్సినవి పీకించేయాలి. ఆ తర్వాత పీకితే దవడ ఎముక మానక కుళ్ళే ప్రమాదముంది. మలంలో రక్తం పడినా, మలవిసర్జన తీరు వారాల తరబడి మారినా మొలలేలే అని సరిపెట్టుకోకుండా పరీక్ష చేయించాలి. పెద్దపేగు క్యాన్సర్‌ను తొందరగా పట్టుకునేది ఆ పరీక్షే, నోటి బ్యాక్టీరియా పరీక్ష కాదు.

పెద్దవాళ్ళు నోటి బాధ నోరు తెరిచి చెప్పరు. పిల్లలకు ఖర్చని ఒకరు, ఈ వయసులో ఎందుకులే అని ఒకరు ఊరుకుంటారు. మెల్లగా చేగోడీలు, జామకాయ మానేస్తారు, అన్నం మెత్తగా వండమంటారు, ఒకవైపే నములుతారు. కాబట్టి పళ్ళెలా ఉన్నాయని అడగవద్దు, బాగానే ఉన్నాయంటారు. ఏ వైపు నములుతున్నారని అడగండి. ఒకే వైపు అంటే రెండో వైపు ఏదో జరుగుతోందని అర్థం. ఈ నెలలోనే తీసుకెళ్ళి చూపించండి.